బిందె మీద పేరు ఎవరిది?

మన ఇళ్లల్లో గిన్నెల మీద పేర్లుంటాయి. పెళ్లికి ఇచ్చిన బిందె మీద అమ్మాయి పేరు, గృహప్రవేశానికి తెచ్చిన పళ్లెం మీద తెచ్చినవాళ్ల పేరు, కింద తేదీ. స్టీలు సామాన్ల కొట్లో ఓ మూల చిన్న మిషను పట్టుకుని కూర్చున్నాయన చుక్కలు చుక్కలుగా ఆ పేర్లు కొట్టి ఇస్తాడు. ఎవరు పెట్టారో, ఏ శుభకార్యానికి పెట్టారో ఆ గిన్నే చెప్పేస్తుంది. ఆ అక్షరాలు కొట్టినాయన పేరు మాత్రం ఏ గిన్నె మీదా ఉండదు. ఉండాలని ఎవరూ అనుకోరు కూడా.

ఇది ఇంత పట్టించుకోవాల్సిన సంగతేనా అంటారా? పట్టించుకోవాలనే నా వాదన. కానీ దీన్ని చెప్పడానికి మన గిన్నెల కన్నా ఇంగ్లండు కాలువ పడవల్లో వాడిన గిన్నెలు బాగా పనికొస్తాయి. అక్కడ ఇదే ప్రశ్న చాలామంది ఏళ్ల తరబడి అడిగారు, కొంతవరకు జవాబు కూడా సంపాదించారు.

మా చెల్లెలు వాళ్లు బర్మింగ్‌హామ్ దగ్గర ఉంటారు. పోయిన వేసవిలో వెళ్లినప్పుడు వాళ్ల హాల్లో టీవీ పక్కన ఒక నీళ్ల క్యాను చూశాను. మన కొమ్ముచెంబుకి పెద్దక్కలా ఉంది. మూత, పొడుగాటి కొమ్ము, పైన పిడి. ఒళ్లంతా ఎరుపు, ఆకుపచ్చ, పసుపు పట్టీలు, వాటి మధ్య గుత్తులు గుత్తులుగా గులాబీలు. ఆదివారం సంతలో కొన్నారట. అమ్మినాయన ఇది ఫ్రాంక్ నర్సర్ అనే పెద్ద పెయింటరు చేతి పని అని చెప్పి, దానికి తగ్గ ధర తీసుకున్నాడట. రుజువేమిటని మా మరిది అడిగితే, చూస్తే తెలియట్లేదా అన్నాడట.

చూస్తే తెలుస్తుందా? అసలు విషయం అక్కడే ఉంది.

ముందు ఆ పడవల సంగతి కొంచెం చెప్పాలి. గోదావరి, కృష్ణా డెల్టాల వాళ్లకి కాలువలు, లాకులు, సరుకు పడవలు అంటే కొత్తగా చెప్పక్కర్లేదు. ఇంగ్లండులో ఆ హడావుడి 1761లో బ్రిడ్జ్‌వాటర్ కాలువ మీదుగా మాంచెస్టరుకి బొగ్గు రావడంతో ఊపందుకుంది. మధ్య ఇంగ్లండులో చాలా లాకులు ఇరుకుగా కట్టారు. అందుకని పడవలూ అలాగే వచ్చాయి. పొడవు సుమారు 70 అడుగులు, వెడల్పు ఏడడుగులే. ఒడ్డున గుర్రం నడుస్తూ తాడుతో లాగేది. తర్వాత రైళ్లొచ్చి రవాణా ధరలు పడగొట్టేశాయి. పడవవాళ్లకి గిట్టుబాటు కాలేదు. ఒడ్డున ఇంటికి అద్దె కట్టడం, పడవలో కూలి మనిషిని పెట్టుకోవడం రెండూ బరువైపోయి, చాలామంది పెళ్లాం పిల్లలతో సహా పడవలోకే కాపురం మార్చేశారు.

ఆ కాపురం ఎంతలోనో తెలుసా? సరుకుకి చోటు వదిలేస్తే వెనకవైపు మిగిలేది సుమారు పదడుగుల గది. అందులోనే పొయ్యి, బీరువా, రాత్రికి పరుపుగా మారే పలక, భార్యాభర్తలు, పిల్లలు. బీరువా తలుపు కిందికి దించితే అదే భోజనాల బల్ల. మన ఇళ్లల్లో వంటింటి అర ఒకటి ఎక్కువుంటే బాగుండునని సణుక్కునే నాలాంటివాళ్లు ఆ గదిని ఒకసారి చూసి రావాలి. స్టోక్ బ్రూయెర్న్ అనే ఊళ్లో 1963లో పెట్టిన కాలువల మ్యూజియం ఉంది.

ఆ పదడుగుల్లో ఒక్క అంగుళం ఖాళీగా వదిలేవాళ్లు కాదు. తలుపుల మీద కోటలు, చుట్టూ గులాబీలు. కోట ముందు చెరువు, దాని మీద వంతెన, వెనకాల కొండలు. పెయింట్ చేసిన పీట, పిడి ఉన్న ముంత, గుర్రానికి దాణా పెట్టే డబ్బా. పడవ కప్పు మీద అందరికీ కనపడేలా నీళ్ల క్యాను. నార్తాంప్టన్‌షైర్‌లోని లాంగ్ బక్బీ అనే ఊరి పేరు మీద దాన్ని బక్బీ క్యాన్ అంటారు. పడవలో కుళాయి ఉండదు కాబట్టి తాగడానికీ వంటకీ నీళ్లన్నీ అందులోనే. అంటే అది అలంకారానికి పెట్టిన బొమ్మ కాదు. మన వంటింటి బిందె లాంటిది, రోజూ చేతిలో ఆడేది.

ఈ అలంకారం కొత్తగా పుట్టిందీ కాదు. చార్లెస్ డికెన్స్ నడిపిన వారపత్రికలో జాన్ హోలింగ్స్‌హెడ్ 1858లోనే కాలువ ప్రయాణం గురించి రాస్తూ పడవల మీది బొమ్మల ముచ్చట రాశాడు. ఆ తర్వాత 1875లో జార్జ్ స్మిత్ అనే సంస్కర్త పడవవాళ్ల గురించి పుస్తకం వేశాడు. మురికి, చదువు లేదు, ఇరుకులో మనుషుల్ని కుక్కుతున్నారు అని. దాని ఫలితంగా 1877లో చట్టం వచ్చి, పడవల్ని రిజిస్టరు చేయడం, ఎంతమంది ఉండొచ్చో నిర్ణయించడం మొదలైంది. చట్టం మంచిదే. కానీ ఆ ఇరుకు కాపురాన్నే ఇత్తడి గుబ్బలు తోమి, చేత్తో అల్లిన లేసు వేలాడదీసి, గులాబీల క్యాను పైన పెట్టుకుని నడిపిన ఆడవాళ్లు కూడా ఉన్నారు. ఇల్లు ఎంత చిన్నదైతే అంత శుభ్రంగా, అంత అందంగా ఉంచుకోవాలనే పట్టుదల మనకి తెలియనిది కాదు.

ఇప్పుడు పెయింటర్ల దగ్గరికి వద్దాం. ఈ బొమ్మల్లో ఎక్కువ భాగం వేసింది పడవలు కట్టే, బాగుచేసే యార్డుల్లో పనిచేసిన మనుషులు. కొన్నేళ్లకోసారి పడవ యార్డుకి వచ్చేది. చెక్క మార్చడం, తారు పూయడం, చివర్న రంగులు. క్యాను, ముంత, పీట కూడా ఆ చేత్తోనే కొత్త రంగు వేసుకుని వెళ్లేవి. పడవ ఆగి ఉంటే సంపాదన ఉండదు కాబట్టి పని త్వరగా అయిపోవాలి. అందుకే ఆ గులాబీ అలా పుట్టింది. ముందు ఆకుల పచ్చ. తర్వాత ముదురు రంగులో గుండ్రటి బిళ్ల. దాని మీద లేత రంగుతో ఒక్కో విసురుకి ఒక్కో రేక. చివర్న పుప్పొడి చుక్కలు, ఆకుల ఈనెలు. గీత గీసి దిద్దుకునే తీరిక లేదు. చెయ్యి తిరిగినవాడు ముగ్గు వేసినంత సులువుగా వేసేస్తాడు.

ముగ్గు అన్నాను కదా, ఎవరి చేతిదో గుర్తుపట్టడం కూడా అలాంటిదే. మా వీధిలో పొద్దున్నే నడుస్తుంటే ఏ ముగ్గు ఎవరు వేశారో నేను చెప్పగలను. ఒకావిడ మెలిక తిప్పేచోట పిండి కాస్త ఎక్కువ జారుతుంది. ఇంకొకావిడ చివరి చుక్కని ఎప్పుడూ కలపకుండా వదిలేస్తుంది. గులాబీలైనా అంతే. రేకు ఎటు నుంచి ఎటు లాగాడు, రేకులు ఎన్ని, ఆకు కొస ఎలా తేలింది, కోటకి కిటికీ ఎక్కడ పెట్టాడు అన్నవి చూస్తారు. పంతొమ్మిదో శతాబ్దంలో ఇటలీలో జొవాన్ని మొరెల్లి అనే ఆయన పెద్ద పెద్ద చిత్రకారుల బొమ్మలకే ఈ పద్ధతి చెప్పాడు. ముఖం చూడొద్దు, చెవి చూడండి, గోళ్లు చూడండి, అలవాటుగా వేసేసే చోటే చెయ్యి దొరుకుతుంది అని.

ఆ పద్ధతిలోనూ, పాతవాళ్లని అడిగి తెలుసుకోవడంలోనూ కొన్ని పేర్లు నిలబడ్డాయి. బ్రాన్‌స్టన్ యార్డులో ఫ్రాంక్ నర్సర్. లైటన్ బజర్డ్‌లో ఫ్రాంక్ జోన్స్. పింగాణీకి పేరు పడ్డ స్టోక్ ప్రాంతంలోని మిడిల్‌పోర్ట్‌లో బిల్ హాడ్జ్‌సన్. ఈయన గులాబీలు పింగాణీ కప్పుల మీద పూలలాగా, నిజం పూలకి దగ్గరగా ఉంటాయి. ఆయన పనిచేసిన ఆండర్టన్ కంపెనీ పడవలకి నాబ్‌స్టిక్స్ అని ముద్దుపేరు ఉండేది, ఆ పూలకీ అదే పేరు వచ్చేసింది. బాన్‌బరీలో టూలీ కుటుంబం యార్డు ఉండేది. ఎల్.టి.సి. రోల్ట్ 1939లో తన పడవని అక్కడే బాగుచేయించుకుని, ఆ ప్రయాణాన్ని 1944లో పుస్తకంగా వేశాక చాలామంది కళ్లు ఈ కాలువల మీద పడ్డాయి. 1951లో బార్బరా జోన్స్ అనే చిత్రకారిణి మామూలు జనం కళల మీద రాసిన పుస్తకంలో కాలువ పడవలకీ చోటిచ్చింది. తర్వాత టోనీ లూవరీ అనే ఆయన, తనూ పెయింటరే, ఈ బొమ్మల మీద 1974లో పుస్తకం రాశాడు.

ఇదంతా మావారికి చెబుతుంటే ఆయన ఒక ప్రశ్న వేశారు. "జానపద కళంటేనే అందరిదీ కదా. ఇది ఫలానావాడిదని వెతకడమేమిటి? నువ్వు చేసిన పులిహోర మీద సంతకం పెడుతున్నావా?"

మంచి ప్రశ్నే. చాలామంది చదువుకున్నవాళ్లు కూడా ఇదే అంటారు. దీనికి నా జవాబు, పులిహోర మీద సంతకం అక్కర్లేదండీ, తినేవాళ్లకి తెలుసు. మా తోటికోడలు పులిహోరలో ఇంగువ ఘాటు తగులుతుంది, నాది పులుపు మీద ఉంటుంది. మా ఇంట్లో ఏ పిల్లాడికి పెట్టినా ఒక్క ముద్దకే చెప్పేస్తాడు. సంతకం లేనంత మాత్రాన చేసినమనిషి లేనట్టు కాదు. తెలిసినవాళ్లు పక్కనే ఉన్నారని అర్థం.

కాలువ పెయింటర్ల సంగతీ సరిగ్గా ఇదే. ఫలానా యార్డులో రంగు వేయించుకుంటే బాగుంటుందని పడవవాళ్లు చెప్పుకునేవాళ్లు. ఎదురుగా వచ్చే పడవని చూసి అది ఏ యార్డు చేతి నుంచి వచ్చిందో చెప్పగలిగేవాళ్లు. వాళ్లలో చాలామందికి అక్షరాలు రావు. ఊరూరా తిరిగే బతుకులో పిల్లలకి బడి ఎక్కడ? కానీ గులాబీని మాత్రం చదవగలిగేవాళ్లు. అంటే ఆ పెయింటర్లు బతికున్నప్పుడు అనామకులు కారు. అనామకులైంది తర్వాత. పేరు లేక కాదు, పేరు తెలిసిన మనుషులు చెదిరిపోయి.

ఎలా చెదిరిపోయారో కూడా తెలుసు. 1948లో కాలువలు ప్రభుత్వం చేతికి వచ్చాయి. పడవలకి నీలం, పసుపు రంగులు వేశారు. చేత్తో వేసే గులాబీల బదులు అచ్చువేసిన బొమ్మలు అతికించడం మొదలైంది. సరుకంతా లారీలకి మళ్లింది. 1962-63 చలికాలంలో కాలువలు గడ్డకట్టుకుపోయి పడవలు వారాల తరబడి కదల్లేదు. 1963లో ప్రభుత్వ పడవల సరుకు రవాణా చాలామటుకు ఆగిపోయింది. కుటుంబాలు ఒడ్డెక్కి ఇళ్లల్లో సర్దుకున్నాయి. క్యాను అటకెక్కింది. అక్కడి నుంచి సంతలోకి వచ్చేసరికి దాని పక్కన చెప్పే మనిషి లేడు.

ఆ క్యాను మీద ఒక పేరైతే ఉండొచ్చు. పడవ పేరో, పడవ నడిపినాయన పేరో పట్టీ మీద అందంగా రాయించుకునేవాళ్లు. మన బిందె మీద పెళ్లికూతురి పేరులాగే. ఆ అక్షరాలు రాసినాయన పేరు మాత్రం అందులో లేదు.

కాబట్టి వెతకాలి. జానపదం అనే మాటని దుప్పటిలా కప్పేసి, ఇంక అడగక్కర్లేదని ఊరుకోకూడదు. బెజవాడలోనో హైదరాబాదులోనో గోడ మీద ఫ్రేము కట్టించి పెట్టే బొమ్మకైతే చిత్రకారుడి పేరు అడుగుతాం. చేత్తో పట్టుకుని నీళ్లు వొంపుకునే క్యానుకి అడగం. ఈ తేడాలో నాకు కనపడేది కళ గురించిన జ్ఞానం కాదు. ఇంటిపనికి, వాడుక వస్తువుకి మనం ఇచ్చే విలువ.

ఇంతవరకు వెతకమన్నాను. ఇప్పుడు రెండో మాట చెప్పాలి, అది ఇంకా ముఖ్యం. వెతకడం వేరు, అంటగట్టడం వేరు.

తెలుగు బి.ఏ. చదివినవాళ్లకి ఈ జబ్బు బాగా తెలుసు. చమత్కారంగా ఒక చాటుపద్యం కనపడితే శ్రీనాథుడిది అనేస్తాం. తెలివిగా ఎవర్నైనా దెప్పిపొడిస్తే తెనాలి రామకృష్ణుడిది. నాలుగు మాటల్లో నీతి ఉంటే వేమనది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ఊరూరా చాటువులు పోగుచేసి పుస్తకం వేశారు కాబట్టి ఎన్నో పద్యాలు దక్కాయి. వాటిలో ఎన్ని ఎవరివో ఇప్పటికీ తగవే. పెద్ద పేరు మర్రిచెట్టు లాంటిది, దాని కింద ఇంకో మొక్క బతకదు. ఒక ఊళ్లో ఒకే ఒక్క మంచి పద్యం చెప్పి పోయిన మనిషి ఉన్నాడనుకోండి. ఆ పద్యం శ్రీనాథుడి ఖాతాలో పడిపోతే శ్రీనాథుడికి కొత్తగా వచ్చేదేం లేదు, ఆ మనిషికి మాత్రం ఉన్న ఒక్కటీ పోయింది.

కాలువ క్యాన్లలోనూ ఇదే జరిగే ప్రమాదం ఉంది. బాగుంటే చాలు, నర్సర్ అనేయడం. సంతలో ఆ పేరుకి ధర పలుకుతుంది మరి. కానీ ఆలోచించండి. ఒక యార్డులో కుర్రాడు పెద్దాయన పక్కన నిలబడి నేర్చుకుంటాడు. అదే బిళ్ల, అదే విసురు, అదే రేకు. మా అమ్మ వేసే మెలికే నా చేతిలోనూ తిరుగుతుంది కదా. అందుకని ఇది బ్రాన్‌స్టన్ యార్డు తీరు అని చెప్పడం కొంత గట్టి మాట. ఇది ఫలానా మనిషి చెయ్యి అనడం చాలా పెద్ద మాట. పైగా క్యానుకి మళ్లీ మళ్లీ రంగు వేస్తారు. పైపొర ఒకరిది, కింద ఇంకొకరిది ఉండొచ్చు. పాత ఫోటోలు చూద్దామంటే ఎక్కువ నలుపు తెలుపువే. ఇవి చాలనట్టు, సరదా పడవల కాలం వచ్చాక పాత పెయింటర్ల తీరుని శ్రద్ధగా నేర్చుకుని వేసేవాళ్లు ఎంతోమంది వచ్చారు. వాళ్లు మోసం చేస్తున్నారని కాదు, వాళ్లదీ మంచి పనే. కానీ వాళ్ల క్యాను ముప్ఫై ఏళ్లు వాడితే పాతదానిలాగే కనపడుతుంది.

అందుకని పేరు చెప్పేటప్పుడు ఆ పేరు ఎలా తెలిసిందో కూడా చెప్పాలని నా పట్టు. వేసినాయన కొడుకో కూతురో చూసి చెప్పారా? పడవ ఏ సంవత్సరం ఏ యార్డులో ఉందో కాగితం ఉందా? తేదీ ఉన్న ఫోటో ఉందా? లేక పువ్వు తీరు చూసి ఊహించారా? లేక అమ్మినాయన మాటేనా? ఈ అయిదూ ఒకటి కాదు. మొదటిదానికీ చివరిదానికీ మధ్య ఆకాశమంత దూరం ఉంది. మా చెల్లెలి క్యానుకి ఉన్నది చివరిదొక్కటే. "అయితే ఏం రాయమంటావక్కా?" అంది. చిన్న కార్డు మీద, ఏ సంతలో కొన్నారో, ఏ తేదీనో, పెయింటరు తెలియదు, అమ్మినాయన నర్సర్ అన్నాడు అని రాసి క్యానులో పెట్టమన్నాను. మరిదికి మొహం కాస్త చిన్నబోయింది. డబ్బులు పెట్టింది ఆయన కదా. కానీ "తెలియదు" అని రాయడం అవమానం కాదు. ఎవరో ఒక మనిషి కోసం కుర్చీ ఖాళీగా ఉంచడం అది. తప్పు పేరు రాస్తే ఆ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టేసినట్టు. ఇక వెతికేవాళ్లు కూడా వెతకరు.

ఇంకో మాట చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. పెయింటర్ల పేర్లయినా కొన్ని దొరికాయి. అదే గదిలో వేలాడిన లేసు ఎవరు అల్లారో ఎవరు అడిగారు? పడవ ఆడవాళ్లు క్రోషా అల్లకంలో సిద్ధహస్తులు. అరలకి లేసు అంచులు, గుర్రం చెవులకి ఈగలు వాలకుండా టోపీలు, అన్నీ వాళ్లే అల్లేవాళ్లు. యార్డు పెయింటరుకి పని, జీతం, యార్డు పేరు ఉన్నాయి కాబట్టి వెతకడానికి దారి ఉంది. లాకు దగ్గర పడవ ఆగిన అయిదు నిమిషాల్లో నాలుగు వరసలు అల్లిన ఇల్లాలికి ఏ దారీ లేదు. ఆమె కూతురు చెప్పాలి, లేకపోతే లేదు.

అందుకే ఈ పని మ్యూజియాలకి వదిలేసేది కాదంటాను. వాళ్లు అడిగేసరికి చెప్పేవాళ్లు ఉండరు. ఇంట్లోవాళ్లే చెయ్యాలి, అదీ పెద్దవాళ్లు ఉండగానే. ఇంగ్లండులో పడవ కుటుంబాల మనవలకి చెప్పే మాట ఇదే, మనకి మనం చెప్పుకోవాల్సిందీ ఇదే. మీ ఇంట్లో అత్తగారు కుట్టిన బొంత ఉందా, పెద్దమ్మ అల్లిన తోరణం ఉందా, మేనత్త పూసలతో చేసిన హంస ఉందా, ఊళ్లో వడ్రంగి చేసిన పీట ఉందా? ఒక తెల్లకాగితం తీసుకోండి. చేసినవాళ్ల పేరు, ఊరు, సుమారు ఏ సంవత్సరం, ఆ సంగతి మీకు ఎవరు చెప్పారు. నాలుగు ముక్కలు చాలు. పేరు తెలియకపోతే తెలియదని రాయండి, అయ్యుండొచ్చని ఊహించి మాత్రం రాయకండి. కాగితం చెరిగిపోతుందనుకుంటే బట్ట ముక్క మీద దారంతో కుట్టండి.

పావుగంట పని. ఈ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, అత్తగారు నడుం వాల్చేలోపు అడిగేయండి.